మంచు కురుస్తుందా?

మొన్న ఒకరోజు తరగతిలో హేమంత ఋతువు వర్ణన చెబుతూ, అలవాటు ప్రకారం "రాత్రంతా మంచు కురిసింది" అన్నాను. వెనుక బెంచీలో కూర్చునే అమ్మాయి ఒకతె లేచి నిలబడింది.

"మంచు నిజంగా కురుస్తుందా సార్?" అన్నది.

"కురవకపోతే తెల్లవారేసరికి గడ్డి ఎట్లా తడుస్తుందమ్మా?" అన్నాను నేను.

"మా వాకిట్లో మా అన్నయ్య మోటారు సైకిలు మీద ప్లాస్టిక్ పట్టా కప్పుతాడు. పొద్దున చూస్తే పట్టా పైన తడి ఉంటుంది. సరే, కురిసిందనుకుందాం. పట్టా కిందివైపున కూడా తడి ఉంటుంది గదా సార్! పైనుంచి కురిసింది కిందివైపుకు ఎట్లా వచ్చింది?"

తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని, నాకు సమాధానం తెలియలేదు. తెలుగులో ఎం.ఏ. చదివినవాడికి తుషారం, తుహినం, నీహారం, ప్రాలేయం అన్న మాటలు నాలుక చివర ఉంటాయి. అమరసింహుడు వాటినన్నిటినీ ఒకే గుంపులో చేర్చిన సంగతీ తెలుసు. ఆ వస్తువు ఎక్కడినుంచి వస్తుందో మాత్రం ఇరవై ఏళ్ళు పాఠం చెప్పినా ఆలోచించలేదు. "రేపు చెబుతానమ్మా" అని తప్పించుకుని, గంట కొట్టగానే భౌతిక శాస్త్రం చెప్పే మిత్రుడి దగ్గరకు వెళ్ళి కూర్చున్నాను.

ఆయన సంగతంతా విని, "నీకు మాటలతో చెప్పడం దండుగ" అని, ప్యూనును పిలిచి ఒక స్టీలు గ్లాసు, నాలుగు ఐసు ముక్కలు తెప్పించాడు.

గ్లాసుకు పట్టిన చెమట

గ్లాసులో సగానికి మామూలు నీళ్ళు పోసి, అందులో ఉష్ణమాపకం ఉంచాడు. నీటి వేడిమి 24 డిగ్రీలు. ఒక్కొక్క ఐసు ముక్క వేస్తూ, చెంచాతో మెల్లగా కలుపుతూ, గ్లాసును చూడమన్నాడు. 20 డిగ్రీలకు దిగింది. గ్లాసు తళతళలాడుతూనే ఉన్నది. 17కు దిగింది. అప్పుడూ ఏమీ లేదు. 14 దగ్గరకు వచ్చేసరికి గ్లాసు వెలుపలి మెరుపు మాసిపోయి, ఎవరో నోటితో ఊదినట్టు సన్నటి పొర కమ్మింది. వేలితో గీస్తే గీత పడింది. ఇంకా చల్లబడేసరికి ఆ పొర చుక్కలై, చుక్కలు కలిసి జారడం మొదలుపెట్టాయి.

"గ్లాసులో నీళ్ళు బయటికి ఉబికాయా?" అన్నాడాయన.

"స్టీలు గ్లాసుకు చిల్లులుంటేనా!" అన్నాను.

"పైనుంచి ఏమైనా కురిసిందా?"

"ఫ్యాను తప్ప పైన ఏమీ లేదు."

"అయితే ఈ నీళ్ళు గదిలోని గాలిలోవి. ఇంతసేపూ మన చుట్టూ ఉన్నవే, కాని మనకు కనబడలేదు. చల్లని గ్లాసు తగిలేసరికి బయటపడ్డాయి. మీ అమ్మాయి అడిగిన పట్టా సంగతీ అంతే. పట్టా పైనున్న గాలిలోనూ ఆవిరి ఉన్నది, నేలలోని తడి కారణంగా పట్టా కింది గాలిలోనూ ఉన్నది. రాత్రి పట్టా చల్లబడింది. రెండు వైపులా నీరు పట్టింది. మంచు కురవదు నాయనా, పుడుతుంది!"

అదీ అసలు రహస్యం. గాలిలో ఎప్పుడూ ఎంతో కొంత నీటి ఆవిరి ఉంటుంది. అది కంటికి కనబడదు. చాయ గిన్నె మీద తెల్లగా లేచేదాన్ని మనం ఆవిరి అంటాం గాని, అప్పటికే అది ఆవిరి కాదు. చల్లగాలి తగిలి సన్నటి నీటి తుంపరలుగా మారిన తరువాతే అది మన కంటికి కనబడుతుంది.

ఈ ఆవిరిని మోసే శక్తికి ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు వేడిని బట్టి మారుతుంది. 30 డిగ్రీల వేడిమి దగ్గర ఒక ఘనమీటరు చోటులో సుమారు 30 గ్రాముల ఆవిరి ఇమడగలదు. 20 డిగ్రీల దగ్గర అది 17 గ్రాములకు పడిపోతుంది. 10 డిగ్రీల దగ్గర 9 గ్రాములే. పగలు వేడిగా ఉన్నప్పుడు సుఖంగా ఇమిడిన ఆవిరికి, రాత్రి చలి పెరిగేకొద్దీ చోటు ఇరుకైపోతుంది. ఒక స్థితిలో గాలి పూర్తిగా నిండిపోతుంది. అంతకంటె ఒక్క పిసరు చల్లబడినా మిగులు ఆవిరి నీరు కాక తప్పదు. గాలి అట్లా నిండుకుండ అయ్యే వేడిమినే శాస్త్రజ్ఞులు తుషారస్థానం అంటారు. ఇప్పుడు ఫోనులో వాతావరణం చూసుకునే వారికి 'డ్యూ పాయింట్' అని కనబడే అంకె ఇదే. స్థానం అన్నాం గదా అని ఇదొక చోటు కాదు. మరుగుస్థానం వలెనే ఇది కూడా వేడిమిని తెలిపే ఒక అంకె. ఆనాడు మా స్టాఫ్ రూములో ఆ అంకె 14.

ఈ ప్రయోగం ఎవరైనా ఇంట్లో చేసి చూడవచ్చు. అయితే జ్వరం చూసే ఉష్ణమాపకం ఇందుకు పనికిరాదు. అది 35 డిగ్రీలకు దిగువను చూపదు. గది వేడిమి చూసేది కావాలి. గ్లాసు దగ్గరగా ముఖం పెట్టకూడదు. మన ఊపిరిలోని తేమే గ్లాసుకు పట్టి లెక్క తప్పుతుంది.

శాతాలు మోసం చేస్తాయి

వార్తలలో "గాలిలో తేమ 90 శాతం" అని చెబుతూ ఉంటారు. అది విని గాలినిండా నీళ్ళేనని భయపడనక్కరలేదు. తుషారస్థానం 13 డిగ్రీలున్న ఒక చలికాలపు రోజును తీసుకోండి. మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో తేమ సుమారు 35 శాతం అని లెక్క తేలుతుంది. అదే గాలి తెల్లవారుజామున 14 డిగ్రీలకు చల్లబడితే 94 శాతం అవుతుంది. గాలిలో ఉన్న నీరు పెరగలేదు, తరగలేదు. అన్నం అంతే ఉన్నది, గిన్నె చిన్నదైంది. శాతం గిన్నె ఎంత నిండిందో చెబుతుంది. తుషారస్థానం అన్నం ఎంత ఉన్నదో చెబుతుంది.

మన ఇళ్ళలో ఈ అంకెకు పని చాలా ఉన్నది. మే నెలలో హైదరాబాదులో ఎండ మండిపోయినా కూలరు పెట్టుకుంటే గది చల్లబడుతుంది, రంజనులో నీళ్ళు చల్లగా ఉంటాయి. అదే మచిలీపట్నంలో కూలరు ఎంత తిప్పినా ఒళ్ళు జిడ్డు వదలదు. సముద్రపు గాలిలో తుషారస్థానం ఎక్కువ గనుక కొత్త ఆవిరికి చోటు తక్కువ. కూలరు నీరుగాని, రంజను నీరుగాని, ఒంటి చెమటగాని ఆవిరైతేనే చల్లదనం. ఏ.సి. పెట్టె నుంచి గోడవెంట కారే నీళ్ళు, బిర్యానీ దమ్ము విప్పినప్పుడు మూత అడుగున వేలాడే చుక్కలు, వేడి చాయ తాగబోతే కళ్ళద్దాలను కమ్మే తెర, ఇవన్నీ మంచుకు అన్నదమ్ములే.

ఉన్ని చెప్పిన సాక్ష్యం

మంచు ఆకాశం నుంచి పడుతుందని కొందరు, భూమిలోనుంచి లేస్తుందని కొందరు పూర్వం వాదించుకునేవారు. తగవు తీర్చినవాడు ఒక వైద్యుడు. ఆయన పేరు విలియం చార్లెస్ వెల్స్. లండనులో వైద్యం చేసేవాడు. ఊరి శివార్లలోని తోటలో రాత్రుళ్ళు పది గ్రెయినుల ఉన్ని పోగులు తూచి అక్కడక్కడా పెట్టి, తిరిగి తూచి, ఎక్కడ ఎంత నీరు పట్టిందో లెక్కవేసేవాడు. ఒక బల్ల మీద ఒక పోగు పెట్టి, బల్ల అడుగున ఒక పోగు కట్టాడు. ఆకాశం కనబడే పై పోగుకు ఎక్కువ నీరు పట్టింది. ఆకాశం కనబడని కింది పోగుకు తక్కువ పట్టింది. ఆకాశం మేఘావృతమైన రాత్రి మంచు అంతంత మాత్రమే. 1814లో ఆయన తన పరిశోధనలను పుస్తకంగా వెలువరించాడు.

ఆయన తేల్చిన విషయం ఇది. పగలు సూర్యుడు ఇచ్చిన వేడిని రాత్రి నేల తిరిగి ఆకాశానికి ఇచ్చివేస్తుంది. మబ్బు ఉంటే అది గొంగళి కప్పినట్టు ఆ వేడిని ఆపుతుంది. మబ్బు లేకపోతే అడ్డు లేదు. గడ్డి, ఆకు, రేకు, పట్టా చుట్టూ ఉన్న గాలికంటె కూడా ఎక్కువగా చల్లబడి, తుషారస్థానం కంటె దిగువకు పోతాయి. అప్పుడు మంచు పుడుతుంది.

ఈ కిటుకు మన దేశంలో పామరులకు ఎన్నడో తెలుసు. అలహాబాదులో చలికాలపు రాత్రులలో ఎండిన చెరకు, మొక్కజొన్న కాడలు పరిచి, దానిమీద లోతులేని మట్టి మూకుళ్ళలో నీళ్ళు పోసి ఉంచి, తెల్లవారేసరికి మంచుగడ్డ తీసేవారని సర్ రాబర్ట్ బార్కర్ అనే ఆంగ్లేయుడు 1775లో రాశాడు. యంత్రం లేదు, మందు లేదు. నిర్మలమైన ఆకాశమే వారి ఐసు ఫ్యాక్టరీ.

మన పాతబస్తీకీ ఈ కథలో కొంచెం చోటున్నది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలోని తన భవనం దగ్గర నక్షత్రశాల నెలకొల్పి, ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించారు. అదే నిజామియా నక్షత్రశాల. ఆయన తరువాత అది బేగంపేటకు తరలి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. నక్షత్రాలు చూసేవారికి నిర్మలమైన రాత్రి ఎంత ఇష్టమో, అంత కష్టం కూడా. దూరదర్శిని గాజు ఆకాశానికి ఎదురుగా చల్లబడి, దానికే మంచు పడుతుంది!

పొగమంచులో పొగ ఎందుకు?

చల్లబడ్డ వస్తువుకు నీరు పడితే అది మంచు. నేలకు ఆనుకున్న గాలి మొత్తం తుషారస్థానానికి చల్లబడి, గాలిలోనే లెక్కలేనన్ని చిన్న చుక్కలు తేలితే అది పొగమంచు. నేలమీదికి దిగివచ్చిన మేఘమన్నమాట. ఒక్కొక్క చుక్క సాధారణంగా మన తల వెంట్రుక మందంలో ఏడో వంతో, ఎనిమిదో వంతో ఉంటుంది. అంత తేలిక గనుక పడిపోకుండా తేలుతుంది.

పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిని ఊహించుకోండి. 20 డిగ్రీల వేడిమిలో, 60 శాతం తేమతో ఆ గది గాలిలో దాదాపు 300 గ్రాముల నీరు, అంటే పెద్ద గ్లాసెడు, ఆవిరి రూపంలో ఉంటుంది. అది ఉన్నట్టే మనకు తెలియదు. ఆ గదినిండా పొగమంచు ఉంటే, చుక్కలుగా తేలే నీరంతా పోగుచేసినా ఒక చెంచాడు. గ్లాసెడు నీరు కనబడదు, చెంచాడు నీరు కన్ను కప్పేస్తుంది!

అయితే ఆవిరి తనంతట తాను చుక్క కాలేదు. దానికి కూర్చోవడానికి పీట కావాలి. 1880లో స్కాట్లండులో జాన్ ఎయిట్‌కెన్ రెండు గాజు పాత్రలు తీసుకుని, ఒకదానిలో మామూలు గాలి, ఒకదానిలో దూదిలో వడకట్టిన గాలి నింపి, రెంటిలోకీ ఆవిరి వదిలాడు. మామూలు గాలిలో దట్టంగా పొగమంచు కమ్మింది. వడకట్టిన గాలిలో ఏమీ కమ్మలేదు. గాలిలోని దుమ్ము, పొగ, ఉప్పు రేణువులే ఆ పీటలు. మన పూర్వులు 'పొగమంచు' అని పేరు పెట్టినప్పుడు రూపాన్ని చూసే పెట్టి ఉంటారు. కాని పొగకూ మంచుకూ ఆ బంధుత్వం నిజమే అయింది.

1894లో బెన్ నెవిస్ కొండమీద మేఘాలను, మంచు తెరలను చూసి ముగ్ధుడైన సి.టి.ఆర్. విల్సన్ అనే యువకుడు, గాజు పాత్రలో మేఘం పుట్టించబోయి, కంటికి కనబడని అణుకణాల దారులను ఆ మేఘంలో పట్టుకున్నాడు. దానికి 1927లో నోబెల్ బహుమతి వచ్చింది.

పొగ హద్దు మీరితే ఏమవుతుందో 1952 డిసెంబరులో లండను చూసింది. 5 నుంచి 9వ తేదీ వరకు బొగ్గు పొగ, పొగమంచు కలిసి ఊరిమీద మూతపెట్టినట్టు నిలిచిపోయాయి. వేలమంది ప్రాణాలు పోయాయి. దాని ఫలితంగానే 1956లో అక్కడ శుభ్రమైన గాలికోసం చట్టం వచ్చింది. భోగిమంటలో పాత టైర్లు వేసి సరదా పడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ తెల్లవారుజామున ఇంటి చిన్నపిల్లలూ, ఆయాసం ఉన్న పెద్దలూ పీల్చేది ఆ గాలినే.

మూసీ ఒడ్డున, లంబసింగిలో

పొగమంచు అన్నిచోట్లా ఒకే విధంగా పుట్టదు. మన హైదరాబాదు చుట్టుపక్కల డిసెంబరు, జనవరి నెలలలో వచ్చేది నేల చల్లబడి పుట్టేది. నేలలో తడి, నిర్మలమైన ఆకాశం, కదలని గాలి, ఈ మూడూ కలిసిన రాత్రి అది తయారు. గాలి జోరుగా వీస్తే పైపొరల పొడిగాలి కలిసిపోయి పొగమంచు నిలవదు.

నయాపుల్ మీద నిలబడి చలికాలపు వేకువన చూస్తే, మూసీ నీటిమీద సన్నని తెర కదులుతూ, అవతల ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు, ఇవతల హైకోర్టు గుమ్మటాలు తేలుతున్నట్టు కనబడతాయి. అది వేరే రకం. అక్కడ నీరు వెచ్చన, గాలి చల్లన. నీటినుంచి లేచిన ఆవిరి చల్లగాలిలో వెంటనే చుక్కలవుతుంది. చాయ గిన్నె సంగతే. ఇక తిరుమల మెట్లమీద మనలను చుట్టుముట్టేది కొండ ఎక్కుతూ చల్లబడిన గాలి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్నది. చల్లగాలి బరువు గనుక కొండల నడుమ పల్లానికి చేరి అక్కడే నిలిచిపోతుంది. ఆ ఊరికి కొర్రబయలు అనే పేరు కూడా ఉన్నది. బయట ఉన్నవాడు కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. కెనడాకు తూర్పున న్యూఫౌండ్‌లండ్ దగ్గర వెచ్చని సముద్రపు గాలి చల్లని ప్రవాహం మీదికి వచ్చి, ఓడలకు దారి తెలియకుండా చేస్తుంది. చిలీ దేశంలో చుంగుంగో అనే వానలేని పల్లెవాళ్ళు 1992 నుంచి కొన్నేళ్ళపాటు కొండమీద వలలు కట్టి, పొగమంచును పట్టి, ఆ నీళ్ళు తాగారు.

మన ఊళ్ళో పొగమంచు విడ్డూరమే గాని, అపురూపం కాదు. 1946 జనవరి 8న హైదరాబాదు వేడిమి 6.1 డిగ్రీలకు దిగింది. ఇప్పుడు నగరంలో అంత చలి అరుదు. రాతి కట్టడాలు, సిమెంటు మేడలు, తారురోడ్లు పగటి వేడిని రాత్రి చాలాసేపు వదలవు. ఊరు నడుమ గాలి తుషారస్థానానికి దిగదు. ఊరు దాటితే పొలాలు, చెరువులు, చలి. 2023 డిసెంబరు చివరివారంలో శంషాబాదు విమానాశ్రయాన్ని పొగమంచు కమ్మి, కొన్ని విమానాలను వేరే ఊళ్ళకు మళ్ళించవలసి వచ్చింది. ఆ రోజున చార్మినారు దగ్గర ఉన్నవాళ్ళు ఇదేమి వింత అనుకుని ఉంటారు.

చుక్కలు మెరుస్తున్నాయి గదా!

ఈ ఊరికీ, ఊరి వెలుపలికీ ఉన్న తేడాయే కిందటి సంక్రాంతికి మా వీధిలో ఒక చిన్న పోట్లాటకు కారణమైంది.

మేము శాలిబండలో ఉంటాం. మా పక్కింటి పెద్దాయనకు డెబ్భై దాటాయి. ఆయనను నేను కాకా అని పిలుస్తాను. కూతురిని సూర్యాపేటలో ఇచ్చారు. పెళ్ళి అయిన తరువాత మొదటి పండుగ. భోగి ముందురోజు కొడుకు కారు తీసుకుని, అందరూ కలిసి వెళ్ళి కూతురినీ, కొత్త అల్లుడినీ తీసుకురావాలని ఏర్పాటు.

"పొద్దుగాల నాలుగింటికే ఎల్లిపోతం సారూ. ట్రాఫిక్ ఉండది" అన్నారు ముందురోజు సాయంత్రం.

అప్పటికి నాకు గ్లాసు ప్రయోగం కొత్త సరదా. మేడమీద గ్లాసు పెట్టి చూస్తే తుషారస్థానం 15 వచ్చింది. తెల్లవారుజామున ఊరి శివార్లలో 13 డిగ్రీలకు దిగుతుందని ఫోను చెబుతున్నది. రెండు రోజుల కిందట ఆ వైపు వాన పడింది. ఆకు కదలడం లేదు. మబ్బు లేదు. మిత్రుడికి ఫోను చేసి లెక్క ఒప్పజెప్పాను. "గాలి లేస్తే నీ లెక్క తప్పవచ్చు. కాని బండి నడిపే కుర్రవాడు నావాడైతే ఎనిమిదింటిదాకా కదలనివ్వను" అన్నాడాయన.

ఆ మాటే కాకాకు చెప్పాను. ఆయన విన్నట్టే తల ఊపారు. తెల్లవారి నాలుగింటికి కారు శబ్దం విని కిందికి దిగాను.

"ఏది సారూ మీ మంచు?" అన్నారు కాకా, చెయ్యి ఆకాశం వైపు చూపి. "చుక్కలు ఎట్ల మెరుస్తున్నయో సూడుండ్రి!"

నిజమే. చుక్కలు మెరుస్తున్నాయి. వీధిలో పొగమంచు ఊసే లేదు. నేను నవ్వులపాలయ్యే సమయం వచ్చింది. అయినా అన్నాను: "చుక్కలు మెరుస్తున్నాయనే నా భయం కాకా. మబ్బుంటే నేను వెళ్ళమందును. ఇక్కడ మన రాళ్ళు ఇంకా వెచ్చగా ఉన్నాయి. చౌటుప్పల్ దాటితే పొలాలే."

కాకీ వెనుక సీటులో చలికి శాలువా కప్పుకుని, మనుమడిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది. "అల్లునికి ఫోను కొట్టుండ్రి. వాళ్ళ దిక్కు ఎట్లున్నదో అడుగుండ్రి" అన్నది.

అల్లుడు నిద్రలో లేచి, వీధి తలుపు తీసి చూసి చెప్పాడు: "ఎదురింటి దీపం కనబడతలేదు మామయ్యా!"

కాకా ఫోను పెట్టేసి కాసేపు మాట్లాడలేదు. తరువాత కొడుకుతో, "బండి బంద్ చెయ్యి" అన్నారు. నాతో ఏమీ అనలేదు. ఏడింటికి మా ఇంటికి చాయ తాగడానికి వచ్చి, ఆలస్యమైపోయిందని నామీదే విసుక్కున్నారు. ఎనిమిదిన్నరకు బయలుదేరారు. చిట్యాల దగ్గర తెర ఇంకా పూర్తిగా విడిపోలేదట. దారి పక్కన ఒకదాని వెనుక ఒకటి గుద్దుకుని నిలిచిన మూడు లారీలు చూశారట. ఆ సంగతి కాకీ చెప్పింది గాని, ఆయన చెప్పలేదు.

ఎనభై వేగం, యాభై మీటర్ల చూపు

మన వాతావరణ శాఖ లెక్కలో, వెయ్యి మీటర్ల లోపే చూపు ఆనితే పొగమంచు. 200 మీటర్ల లోపైతే దట్టమైనది. 50 మీటర్ల లోపైతే అతి దట్టమైనది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక సెకనుకు 22 మీటర్లు పోతుంది. యాభై మీటర్ల చూపులో ఎదుట ఆగిన లారీ కనబడ్డ రెండు సెకన్లకు దాన్ని చేరుకుంటాం. కాలు బ్రేకు మీదికి వెళ్ళడానికే ఒక సెకను పడుతుంది. మిగిలిన సెకనులో ఏ కారూ ఆగదు. విమానాశ్రయాలలో ఈ చూపును కొలవడానికి 'దృష్టి' అనే పరికరాన్ని బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబరేటరీస్ వారు తయారుచేశారు. దారిన పోయే మనకు మాత్రం మన కన్నే పరికరం.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. తెల్లవారింది గదా, ఇక విడిపోతుందనుకుని బయలుదేరుతారు. సూర్యోదయం వేళకే పొగమంచు తరచు ఎక్కువ చిక్కగా ఉంటుంది. ఎండ నేలను కాచి, గాలి వేడిమి తుషారస్థానం దాటితేనే చుక్కలు తిరిగి ఆవిరవుతాయి. దానికి గంటో రెండు గంటలో పడుతుంది. తప్పనిసరిగా వెళ్ళవలసి వస్తే దీపాలు కిందికి దించి నడపాలి. హైబీమ్ వేస్తే ఆ వెలుగు చుక్కలకు తగిలి మన కళ్ళలోకే తిరిగి వస్తుంది. దారిమీద బండి ఆపరాదు. ఆపవలసివస్తే రోడ్డు పూర్తిగా దిగి ఆపాలి.

మరునాడు తరగతిలో ఆ అమ్మాయికి సమాధానం చెప్పాను. ఆమె ఉర్దూ కూడా చదువుకున్నది. "శబ్‌నమ్ అంటే మంచే గదా సార్! శబ్ అంటే రాత్రి, నమ్ అంటే తేమ" అన్నది. కురవడం, పడడం అన్న మాట ఏదీ లేకుండా, రాత్రి తేమ అని ఎంత సరిగా చెప్పారు! అయితే మన పాతబస్తీలో ఉర్దూ మాట్లాడేవారు కూడా ఓస్ పడిందనే అంటారు. మనం మంచు కురిసిందంటాం. భాష తన అలవాటు మానుకోదు, మానుకోనక్కరలేదు. సూర్యుడు ఉదయించాడనడం మానామా?

ఈ ఏడాది చలి మొదలైన తరువాత ఒక సాయంత్రం మేడమీదికి వెళ్ళాను. పక్కింటి పిట్టగోడ మీద ఒక స్టీలు గ్లాసు, పక్కన గది వేడిమి చూసే ఉష్ణమాపకం ఉన్నాయి. కాకా కళ్ళద్దాలు నుదుటికి ఎత్తి, గ్లాసును వేలితో గీసి చూస్తున్నారు.

"సారూ, పదమూడు. గాలి ఉన్నది. రేపు ఫికర్ లేదు" అన్నారు, నావైపు చూడకుండానే.